టైమింగ్ ఎంతో రాయండి

ఏ ఏడాదిదైనా సరే, డిసెంబర్ మొదటి వారం పేపర్లో జిల్లా పేజీ తీయండి. దివ్యాంగుల ఆటల పోటీల ఫొటో ఒకటి తప్పకుండా ఉంటుంది. మెడలో పతకంతో ఓ పిల్లాడు, పక్కన శాలువా కప్పుకున్న ముఖ్య అతిథి, కింద "వైకల్యాన్ని జయించి" అని మొదలయ్యే వాక్యం. మొన్నటి ఫొటోలో ఉన్న పిల్లాడు నాకు బాగా తెలిసినవాడు. వంద మీటర్ల పరుగులో ప్రథమ స్థానం అని రాశారు. ఎన్ని సెకన్లలో పరిగెత్తాడో రాయలేదు. రాసినాయన్ని అనడానికి లేదు. ఆ రోజు గ్రౌండ్‌లో ఎవరి చేతిలోనూ స్టాప్‌వాచ్ లేదు మరి.

అదే పిల్లాడు నవంబర్‌లో ప్రాక్టీసులో నా వాచ్ మీద 12.3 పరిగెత్తాడు. అండర్-17 కుర్రాడు, మట్టి ట్రాక్, కాళ్ళకి స్పైక్స్ లేవు. చెప్పుకోదగ్గ టైమింగే అది. మా జోన్‌లో ఫైనల్‌కి వచ్చే పిల్లలు అటూ ఇటుగా అంతే పరిగెడతారు. ఫొటో చూసినవాళ్ళకి ఇదేమీ తెలియదు. పాపం వినపడదట, అయినా గెలిచాడట, అంతే. ఎవరి మీద గెలిచాడు, ఎంత తేడాతో గెలిచాడు అని ఒక్కరూ అడగలేదు. మామూలు పిల్లాడైతే మొదట అడిగేది అదే కదా.

నేను గుంటూరు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీడీని, అంటే ఆటలు నేర్పే టీచర్ని. మీట్లు జరిగినప్పుడు ఫినిష్ దగ్గర టైమ్‌కీపర్ల మెట్ల మీద కూర్చునే మనిషిని. ఈ ఏడాది బడులు తెరిచిన దగ్గర్నుంచి సంక్రాంతి దాటేదాకా పొద్దున పూట టౌన్లో ఒక బధిరుల పాఠశాల పిల్లలకి అథ్లెటిక్స్ నేర్పించాను. సీజన్ అయ్యేసరికి నాకొక అభిప్రాయం గట్టిపడింది. ఈ పిల్లల పరుగుని పరుగులాగే చూడాలి. వాచ్ పెట్టాలి, ఫౌల్ అయితే ఎర్రజెండా ఎత్తాలి, నాలుగో స్థానం వస్తే నాలుగే అని చెప్పాలి. మామూలు స్కూల్ గేమ్స్‌లో లేన్ ఇవ్వాలి, ఇచ్చినప్పుడు స్టార్ట్ కంటికి కనపడేలా ఇవ్వాలి. ఇదేం పెద్ద సంస్కరణ కాదు. అయినా దీనికి ఎదురొచ్చే వాదనలు తక్కువేం కాదు. వాటిలో ఒకటి నన్ను ఇప్పటికీ వదలడం లేదు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

వాచ్ నొక్కేవాళ్ళకి చెప్పే మొదటి మాట

టైమ్‌కీపింగ్‌కి కొత్తగా వచ్చినవాళ్ళకి మేం మొదట చెప్పేది ఇదీ: చప్పుడు విని వాచ్ నొక్కకండి, పొగ చూసి నొక్కండి. తుపాకీ పొగో మెరుపో కనపడగానే వాచ్ మొదలుపెట్టాలని రూల్ బుక్కులోనే ఉంది. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు వెళ్తుంది. వంద మీటర్ల అవతల ఉన్న మా చెవికి చేరేసరికి 0.3 సెకను దాకా పోతుంది. ఒక్కోసారి ముగ్గురు నలుగురు గీత దాటేది ఆ కాస్త తేడాలోనే.

మన స్కూల్ మీట్లలో తుపాకీ ఎక్కడిది, క్లాపరే. రెండు చెక్కలకి బందు బిగించి ఉంటుంది. స్టార్టర్ తల మీదికి ఎత్తి రెండు చెక్కల్నీ టప్పున కొడతాడు. చెక్కలు కలవడం చూసి మేం నొక్కుతాం. అంటే ఫినిష్ దగ్గర, శుభ్రంగా వినపడే మేమంతా కళ్ళతో స్టార్ట్ తీసుకుంటున్నాం. స్టార్ట్ గీత మీద, వినపడని పిల్లాడిని మాత్రం చెవితో తీసుకోమంటున్నాం.

అసలు అథ్లెటిక్స్‌లో చెవితో పని చాలా తక్కువ. లాంగ్ జంప్‌లో తెల్లజెండా ఎత్తితే జంప్ సరైనది, ఎర్రజెండా ఎత్తితే ఫౌల్. షాట్‌పుట్‌లోనూ అంతే. రిలేలో బ్యాటన్ జోన్ దాటి అందుకుంటే అంపైర్ పసుపు జెండా ఎత్తుతాడు. 1500 మీటర్లలో చివరి రౌండుకి గంట కొడతారు. అట్టముక్క మీద 1 అని రాసి చూపిస్తే ఆ గొడవా లేదు. ఇక మిగిలింది స్టార్ట్ ఒక్కటే.

దానికి ప్రపంచం ఎప్పుడో దారి కనుక్కుంది. బధిరుల ప్రపంచ క్రీడలైన డెఫ్లింపిక్స్‌లో పరుగు వీరులకి దీపాలు పెడతారు. ఎరుపు వెలిగితే గీత దగ్గర తమ చోటికి రావాలి, పసుపుకి సెట్ (కదలకుండా సిద్ధంగా ఉండటం), ఆకుపచ్చకి పరుగు. అక్కడిదాకా ఎందుకు, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో దక్షిణాఫ్రికా బధిర ఈతగాడు టెరెన్స్ పార్కిన్ దీపం చూసి నీళ్ళలోకి దూకాడు. 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లో రజతం గెలిచాడు. పక్క లేన్లలో ఈదినవాళ్ళకి ఆ దీపం వల్ల వచ్చిన నష్టం ఏమీ లేదు.

మేం దీపాల జోలికి పోలేదు. క్లాపర్ చెక్కల లోపలివైపు తెల్ల పెయింటు వేయించాం. చెక్కలు తెరిచి ఎత్తితే తెలుపు కనపడుతుంది, అది సెట్. మూసుకుంటే తెలుపు మాయం, అది స్టార్ట్. స్టార్టర్ వెనకెక్కడో నిలబడకుండా గీతకి కొంచెం ముందు, ట్రాక్ లోపలి పక్కన నిలబడాలి. అయిన ఖర్చు ఒక చిన్న పెయింటు డబ్బా. అదీ సగం మిగిలింది.

లోటు లేదని కాదు. చేతులు నేలకి ఆనించి వంగి మొదలుపెట్టే క్రౌచ్ స్టార్ట్‌లో తల కిందికి ఉండాలి. క్లాపర్ కోసం తల ఎత్తితే నడుము దిగిపోతుంది, మొదటి రెండు అంగలు బరువుగా పడతాయి. డెఫ్లింపిక్స్ దీపాలు నేల మీదే, పరిగెత్తేవాళ్ళ చూపు పడేచోట పెట్టేది అందుకే. మా పిల్లలు తల పూర్తిగా ఎత్తకుండా కళ్ళు మాత్రమే పైకి తిప్పడం అలవాటు చేసుకున్నారు. చూడ్డానికి ఎవరినో ఓరగా అనుమానిస్తున్నట్టు ఉంటుంది.

నల్లరేగడి, తుపాను, బిస్కెట్ల డబ్బా

గుంటూరులో అథ్లెటిక్స్ నేర్పడమంటే వానతో పేచీ పెట్టుకోవడమే. ఒక జల్లు పడితే నల్లరేగడి బూట్లకి పట్టుకుని వదలదు, సున్నం గీతలు కరిగిపోతాయి. అక్టోబర్ చివర్లో మొంథా తుపాను వచ్చి, అంతకుముందే దసరా సెలవులకి ఊళ్ళకి వెళ్ళి చల్లబడి వచ్చిన పిల్లల్ని మళ్ళీ కూర్చోబెట్టింది. ఆరిన రోజుల్లో స్టేడియానికి తీసుకెళ్ళేదాన్ని. అక్కడ వాకర్లు. మామూలు పిల్లలైతే "ట్రాక్, ట్రాక్" అని అరిచి దారి చేసుకుంటారు. మావాళ్ళు అరవరు. అరిచినా లాభం ఉండేది కాదేమో, సగం మంది వాకర్ల చెవుల్లో ఇయర్‌ఫోన్లే. ఆ పూటకి ఆ ట్రాక్ మీద వినపడని జనాభా మా పిల్లల లెక్క కంటే చాలా ఎక్కువ.

పరుగుకి ముందు చెవి మెషిన్లు తీసేయాలి. చెమటకి పాడైపోతాయి. హాస్టల్ ఆయా ఒక పాత బిస్కెట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఒక్కో మెషిన్‌కీ చిన్న ప్లాస్టిక్ కవరు, దాని మీద ప్లాస్టర్ ముక్క, ప్లాస్టర్ మీద పెన్నుతో పేరు. తడి పీల్చడానికి కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే తెల్ల పొట్లాలు కొన్ని అడుగున వేసింది. ఆ ఉపాయం ఆమెకి ఎవరూ చెప్పలేదు.

ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ అయిన అమ్మాయి ఒకతి ఉంది. తల మీద అయస్కాంతంతో అతుక్కునే ముక్క పరుగులో ఊడి పడుతుంది. వాళ్ళమ్మకి రోజూ టెన్షనే. "మేడం, అది పోతే మళ్ళీ మేం కొనగలమా?" అని గేటు దగ్గరే పట్టుకునేది. డెఫ్లింపిక్స్ నియమం ప్రకారం బాగా వినపడే చెవిలో కూడా కనీసం 55 డెసిబెల్స్ లోపం ఉండాలి, పోటీలో మెషిన్లూ ఇంప్లాంట్ల బయటి భాగాలూ తీసేయాలి. మామూలు స్కూల్ మీట్‌లో అలా తీయమనేవాళ్ళు లేరు. పెట్టుకుంటే ఆ అమ్మాయికి క్లాపర్ చప్పుడు కొంత అందుతుంది. ఎక్కడ ఏది పెట్టుకుని పరిగెత్తాలో మేం అనుకుంటూ ఉండగానే తనే తీసి డబ్బాలో వేసేసింది. గాలికి అందులో గోల ఎక్కువట.

పిల్లలు నాకొక పేరు పెట్టారు. పిడికిలి బిగించి బొటనవేలితో పైన నొక్కడం. సైగల్లో నేనంటే అదే, స్టాప్‌వాచ్.

రీకాల్

సెప్టెంబర్‌లో ఒక మీట్. ఏ మీటో అక్కర్లేదు. అండర్-17 వంద మీటర్ల హీట్స్ (ఫైనల్‌కి ముందు విడత పరుగులు), మావాడు నాలుగో లేన్‌లో. తెల్ల పెయింటు క్లాపర్ పట్టుకెళ్ళి స్టార్టర్‌గారికి ముందే చూపించాను. "అలాగే మేడం, చూద్దాం" అన్నారు. హీట్ పిలిచేసరికి ఆయన క్లాపర్‌తో, ఆయన ఎప్పుడూ నిలబడేచోటే, పిల్లల వెనకాల నిలబడ్డారు.

అలాంటప్పుడు వినపడని పిల్లలు చేసేది ఒకటే. పక్కవాడిని చూసి లేస్తారు. ఐదో లేన్ కుర్రాడు క్లాపర్ కంటే ముందు కదిలాడు. వాడిని చూసి మావాడు లేచాడు. రీకాల్ విజిల్, అంటే ఆగి వెనక్కి రమ్మనే విజిల్, పడింది. మిగతావాళ్ళంతా పది, పదిహేను మీటర్లలో ఆగిపోయారు. మావాడు ఆగలేదు. తనే ముందున్నానని తెలుస్తోంది కదా, ఇంకా గట్టిగా కొట్టాడు. వంద మీటర్లూ పరిగెత్తి, ఫినిష్ గీత దగ్గర ఛాతీ ముందుకు తోసి, చేతులెత్తి వెనక్కి తిరిగాడు. వెనకాల ఎవరూ లేరు. షామియానా కింద కూర్చున్నవాళ్ళు పగలబడి నవ్వుతున్నారు. వాళ్ళు నవ్వుతున్నారని వీడూ నవ్వాడు.

నేను మెట్లు దిగి సైగ చేసి చెప్పాక నవ్వు ఆగింది. మళ్ళీ వంద మీటర్లు వెనక్కి నడిచి, ఆయాసం తీరకముందే ఇంకోసారి పరిగెత్తి నాలుగోవాడిగా వచ్చాడు. ఫైనల్‌కి వెళ్ళలేదు. తర్వాత ఒకాయన నా దగ్గరికి వచ్చి, "రూలు ప్రకారం మీవాణ్ణి కూడా తీసేయాలి, పోనీలే పాపం అని వదిలేశాం" అన్నారు. స్టార్టర్‌గారు గీతకి ముందు నిలబడి ఉంటే ఆ పాపమే అక్కర్లేకపోయేది. పరుగు పెట్టేవాళ్ళందరికీ తను కనపడే, వినపడే చోటు చూసుకోవడం ఆయన పనిలో భాగమేనని నేననుకుంటాను. ముప్పై మీటర్ల దగ్గర ఎర్రజెండాతో ఒకరిని నిలబెడితే రీకాల్ కూడా తేలిపోతుంది, అతను ట్రాక్ మీదికి అడుగు వేస్తే చాలు.

పక్కవాడిని చూసి లేవడం తప్పే కదా అనేవాళ్ళకి యర్రాజి జ్యోతిని గుర్తుచేస్తాను. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో వంద మీటర్ల హర్డిల్స్ ఫైనల్. పక్కన చైనా అమ్మాయి వూ యన్ని ముందు కదిలింది, ఆ కదలికకి మన జ్యోతి లేచింది. మొదట ఇద్దరినీ తప్పించబోయారు. జ్యోతి నిలబడి వాదించింది, వీడియోలు చూశారు, చివరికి వూని డిస్‌క్వాలిఫై చేసి మన అమ్మాయికి రజతం ఇచ్చారు. ఆ రాత్రి తెలుగువాళ్ళందరం రిఫరీలమైపోయాం. చక్కగా వినపడే, అంతటి అనుభవం ఉన్న అథ్లెట్‌ కూడా పక్కమనిషి కదిలితే కదిలింది. ఇక కంటి మీదే ఆధారపడ్డ పదిహేనేళ్ళ పిల్లాడి సంగతి ఏం చెప్పాలి? జ్యోతి నోరు తెరిచి వాదించగలిగింది. మావాడి సైగలు చదవగలిగేవాళ్ళు ఆ టేబుల్ దగ్గర ఒక్కరూ లేరు.

200 మీటర్లయితే లేన్ డ్రానే తలరాత. వంపులో స్టాగర్ ఉంటుంది, అంటే బయటి లేన్ల స్టార్ట్ గీతలు ముందుకి జరిగి ఉంటాయి కాబట్టి ఒకటో లేన్ పిల్లకి అందరూ ముందే కనపడతారు. ఎనిమిదో లేన్ వచ్చిన పిల్లకి ముందు ఖాళీ ట్రాక్ తప్ప ఏమీ ఉండదు.

తోటి పీడీల్లో ఒకాయన మంచి ప్రశ్నే వేశాడు. మనిషి చూపు కంటే వినికిడికి కాస్త త్వరగా స్పందిస్తాడు, మరి మీవాడు ఎలాగూ వెనకబడతాడు కదా, ఇక సమానత్వం ఎక్కడిది అని. నిజమే, సెకనులో కొన్ని వందో వంతుల తేడా ఉంటుంది. కానీ ఒక్కో లేన్ 1.22 మీటర్లు. ఒక పక్కన కొట్టిన క్లాపర్ చప్పుడు ఎనిమిదో లేన్‌కి చేరడానికే ఒకటో లేన్ కంటే దాదాపు 0.03 సెకను ఎక్కువ పడుతుంది. పెద్ద మీట్లలో కాళ్ళు ఆనించే ప్రతి స్టార్టింగ్ బ్లాక్ వెనకాల స్పీకర్ పెట్టేది అందుకే. మన జోనల్ మీట్లలో ఇన్నాళ్ళూ ఆ తేడాని ఎవరూ పట్టించుకోలేదు. చేతి వాచ్‌తో తీసిన టైమ్‌ని ఎలాగూ పై పదో వంతుకి సవరించే రాస్తాం. మా పిల్లల దగ్గరకి వచ్చేసరికే అందరికీ ఫిజిక్స్ గుర్తొస్తుంది.

మాస్టారి ప్రశ్న

నాకు జవాబు దొరకని వాదన వినపడేవాళ్ళ నుంచి రాలేదు. ఆ బడిలో పాఠాలు చెప్పే మాస్టారు ఒకాయన, ఆయనా బధిరుడే. సెప్టెంబర్ మీట్ అయిన రాత్రి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు. "మేడం, మీ మీట్‌లో మా పిల్లలు ఎవరితో మాట్లాడారు?"

ఎవరితోనూ మాట్లాడలేదు. వేపచెట్టు కింద నలుగురూ ఒక చోట కూర్చున్నారు. ఈవెంట్లన్నీ మైకులోనే పిలిచారు. నేను ఫినిష్ దగ్గర ఇరుక్కుపోయిన సమయంలో లాంగ్ జంప్ పిలుపు ఒకమ్మాయికి తెలియనే లేదు. భోజనాల దగ్గర పక్క స్కూలు పిల్లలు వీళ్ళ చేతుల్ని అనుకరించి నవ్వుకున్నారు. చెడ్డ పిల్లలేం కాదు, అంతకుముందు చూసి ఉండరు.

జనవరిలో విజయవాడలో బధిర పిల్లల మీట్‌కి వెళ్ళాం. అక్కడ వేరే లోకం. రాత్రి డార్మెటరీలో వార్డెన్ లైట్లు ఆర్పేశారు. వీళ్ళకి లైటు పోతే మాట పోయినట్టే కదా. పది నిమిషాల్లో ఫోన్ టార్చీలు వెలిగాయి. శ్రీకాకుళం పిల్లలు, అనంతపురం పిల్లలు, మావాళ్ళు, గోడ మీద చేతుల నీడలు. తెల్లవారుజాము దాకా అదే తంతు. నిద్ర లేక మా 12.3 పిల్లాడు మర్నాడు 12.6 పరిగెత్తి రెండోవాడయ్యాడు. ఏడ్చాడు. మధ్యాహ్నానికి, తనని ఓడించిన కుర్రాడి దగ్గరే కూర్చుని బ్లాక్ మీద కాలు ఎక్కడ పెట్టాలో నేర్చుకుంటున్నాడు. నేను ఆర్నెల్లు చెప్పిన సంగతే అది. వాడి భాషలో, వాడి ఈడు వాడు చెప్తే అరగంటలో ఎక్కింది.

బధిర పిల్లల ఆటలు బధిరుల మధ్యే ఉండాలనే మాస్టారి వాదన వెనక నూరేళ్ళ చరిత్ర ఉంది. 1924లో పారిస్‌లో యూజీన్ రూబెన్స్-అల్కే అనే ఫ్రెంచి బధిరుడి చొరవతో తొమ్మిది దేశాల వాళ్ళు కలిసి తమ ఆటలు తామే పెట్టుకున్నారు. పారాలింపిక్స్ అప్పటికింకా పుట్టలేదు. తర్వాత పారాలింపిక్ కమిటీలో చేరి కూడా 1995లో బయటికి వచ్చేశారు. మన వరంగల్ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం తెస్తే, "మరి మీ పిల్లల్ని ఎందుకు పంపరు?" అని నన్ను అడిగినవాళ్ళున్నారు. పారాలింపిక్స్‌లో బధిరులకి విభాగమే లేదు.

వేరుగా ఉన్నందుకు వాళ్ళు కట్టే మూల్యం తక్కువ కాదు. బధిర కుస్తీవీరుడు వీరేందర్ సింగ్ 2021లో పద్మశ్రీ అందుకున్న వెంటనే ఢిల్లీలో హర్యానా భవన్ బయట ఫుట్‌పాత్ మీద పతకాలతో కూర్చున్నాడు, పారా క్రీడాకారులకి ఇచ్చేది మాకెందుకివ్వరని. 2025 నవంబర్‌లో టోక్యో డెఫ్లింపిక్స్‌లో మన దేశానికి 20 పతకాలు వచ్చాయి. హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ ఎయిర్ రైఫిల్‌లో స్వర్ణం కొట్టాడు, 2022లో బ్రెజిల్‌లో కొట్టిందే మళ్ళీ. హాస్టల్లో పిల్లలు ఆ వీడియోని అరిగిపోయేలా చూశారు. మా స్టాఫ్‌రూమ్‌లో ఆ పేరు విన్నవాళ్ళు లేరు.

కాబట్టి మాస్టారితో నేను సగమే ఒప్పుకుంటాను. వాళ్ళ మీట్ వాళ్ళకి ఉండాల్సిందే, దానికి బదులు జోనల్ అనడం లేదు. కానీ వాళ్ళ మీట్ ఏడాదికోసారి. ఊళ్ళో తన ఈడువాళ్ళలో తనెక్కడున్నాడో తెలుసుకునే హక్కు పిల్లాడికి ఏడాది పొడుగునా ఉంది. ఆయన అంటారు, ఆ తెలుసుకోవడం మీ పీడీలకి ముఖ్యం, పిల్లలకి కాదు అని. అది మాత్రం నేను ఒప్పుకోను. కారణం డిసెంబర్‌లో జరిగింది.

అందరికీ ఒకటే టిఫిన్ డబ్బా

ఫొటో పడిన పోటీల సంగతి. పొద్దున ఎనిమిదికి రమ్మన్నారు. అతిథి వచ్చేసరికి పదకొండు. హీట్స్ లేవు, ఎనిమిదో తరగతి పిల్లాడినీ ఇంటర్ కుర్రాడినీ ఒకే వరుసలో నిలబెట్టారు. గీత మీదికి ముగ్గురు ఇంచుమించు ఒకేసారి వచ్చారు, రెండోవాడు ఎవరో మూడోవాడు ఎవరో చూసినవాళ్ళు లేరు. గెలిచినవాడికి పతకం, దాంతో పాటు అందరికీ ఒకే రకం స్టీలు టిఫిన్ డబ్బా. "చిన్నబుచ్చుకుంటారు మేడం, అందరూ విజేతలే" అన్నారు నిర్వాహకులు. మంచి మనసుతోనే అన్నారు.

మర్నాడు పొద్దున నేను గ్రౌండ్‌కి వెళ్ళేసరికి సున్నం గీతలు అప్పటికే పడి ఉన్నాయి. వేసింది పిల్లలే. ఆయాని స్టార్టర్‌గా నిలబెట్టి చేతికి తెల్ల క్లాపర్ ఇచ్చారు. నన్ను చూడగానే అందరూ ఒకేసారి పిడికిలి బిగించి బొటనవేలు నొక్కారు. నిన్నటి ఫైనల్ మళ్ళీ పరిగెత్తారు. ఫస్ట్ మారలేదు, 12.4. రెండు, మూడు స్థానాలు తారుమారయ్యాయి. రెండోవాడు 12.7, మూడోవాడు 12.8. ఆ అంకెలు నా పుస్తకంలో రాసేదాకా ఎవరూ కదల్లేదు. మూడోవాడైన పిల్లాడు పెన్ను తీసుకుని తన పేరు తనే, మూడో గడిలో రాశాడు. రాగిజావ చల్లారిపోతోందని ఆయా వచ్చి తరిమేదాకా అక్కడే ఉన్నారు.

ఆ పుస్తకం పేజీ ఫొటో తీసి మాస్టారికి పంపాను. బొటనవేలు గుర్తు ఒకటి వచ్చింది, అంతే. అది ఒప్పుకోలో, చూశానని చెప్పడమో తెలియదు.

వచ్చే ఏడు జోనల్‌కి పిల్లల్ని పంపడానికి ఆయన రెండు షరతులు పెట్టారు. పిల్లలతో సైగల్లో మాట్లాడే పెద్దమనిషి ఒకరు, పోటీలకి పిల్లల్ని పిలిచే కాల్ రూమ్ దగ్గర రోజంతా ఉండాలి. స్టార్టర్ తెల్ల క్లాపర్ వాడతానని ముందే కాగితం మీద రాసివ్వాలి. రెండోదాని కోసం మీట్ చూసే పెద్దలని అడిగాను. పై నుంచి సర్క్యులర్ ఉందా అన్నారు. లేదు. పెయింటుకి కూడా సర్క్యులర్ కావాలా అంటే నవ్వి, రాతపూర్వకంగా పెట్టండి మేడం చూద్దాం అన్నారు. పెట్టాను. మొదటిదానికి మాస్టారే వస్తానంటున్నారు, కానీ పోటీలకి రావడానికి ఆయనకి ఓడీ (ఆ రోజుని డ్యూటీ కింద లెక్కించే అనుమతి) ఎవరివ్వాలన్నది తేలలేదు. పీఈటీ (ఆటల టీచర్) కాని టీచర్‌కి ఆటలకి ఓడీ ఇచ్చిన దాఖలా తమ దగ్గర లేదని వాళ్ళ ఆఫీసులో అన్నారట. మీ దగ్గర అలా ఎవరికైనా ఇచ్చి ఉంటే ఆ ఆర్డరు కాపీ ఒకటి పంపండి, ఎంట్రీలు మొదలయ్యేలోపు జతచేస్తాను.